పాస్టర్ ఉత్తరం వచ్చాక కంపెనీ ‘తటస్థం’ అనొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: అమెరికాలో ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నారు. అక్కడి ఎల్జీబీటీ ఉద్యోగుల బృందంలో ఉన్నారు. ఉద్యోగం, అద్దె ఇల్లు, బ్యాంకు అప్పు లాంటి వాటిలో లైంగిక ధోరణిని బట్టి వివక్ష చూపకూడదనే బిల్లు మీ రాష్ట్ర చట్టసభకు వచ్చింది. కంపెనీ మద్దతు ఇస్తానంది. ఇంతలో ఊళ్లోని పెద్ద చర్చి పాస్టర్, మద్దతిస్తే బాయ్‌కాట్ చేయిస్తామని ఉత్తరం రాశారు. ఇప్పుడు పైవాళ్లు ‘మనకెందుకు, తటస్థంగా ఉండిపోదాం’ అంటున్నారు. అది సబబేనా, 2005లో మైక్రోసాఫ్ట్‌కు జరిగింది ఇదేనా అని అడిగారు.

సూటిగా చెప్తాను. చట్టసభ సమావేశాలు మొదలుకాకముందే ‘ఇలాంటి బిల్లుల జోలికి మేం వెళ్లం’ అని రాసిపెట్టుకున్న కంపెనీ తటస్థంగా ఉండొచ్చు. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒకసారి మద్దతు అన్నాక, ఉత్తరం అందాక తటస్థం అంటే మాత్రం దాని పేరు తటస్థం కాదు, వెనక్కి తగ్గడం. ఓటు వేయాల్సిన రాష్ట్ర సెనేటర్‌కు (సెనేట్ అంటే రాష్ట్ర చట్టసభలో ఎగువ సభ) అది అలాగే వినపడుతుంది, మీ పక్క సీట్లో కూర్చున్న గే సహోద్యోగికీ అలాగే వినపడుతుంది. మైక్రోసాఫ్ట్ వ్యవహారం మొత్తం ఈ తేడా మీదే నడిచింది.

వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ బిల్లు నంబరు హెచ్‌బీ 1515. సియాటెల్ ప్రతినిధి ఎడ్ ముర్రే తెచ్చారు. అలాంటి బిల్లులు ఆ రాష్ట్రంలో 1970ల నుంచీ వస్తున్నాయి, వీగిపోతున్నాయి. మైక్రోసాఫ్ట్ అంతకుముందు సంవత్సరాల్లో వాటికి మద్దతిచ్చింది. తన సొంత నియమావళిలో లైంగిక ధోరణిని 1989లోనే చేర్చింది. 1993 నుంచి స్వలింగ జంటల్లో భాగస్వామికి కూడా ఆరోగ్య బీమా ఇస్తోంది. ఇంత చరిత్ర ఉన్న కంపెనీ 2005లో ఆ బిల్లుపై తటస్థం అయింది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో కమిటీ విచారణకు ఇద్దరు మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు వెళ్లి బిల్లుకు అనుకూలంగా మాట్లాడారు. మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న రెడ్‌మండ్‌లో ఆంటియాక్ బైబిల్ చర్చి పాస్టర్ కెన్ హచర్సన్‌కు ఇది కోపం తెప్పించింది. ఆయన ఒకప్పుడు డల్లాస్ కౌబాయ్స్, సియాటెల్ సీహాక్స్ జట్లకు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన మనిషి, ఆ ప్రాంతంలో పలుకుబడి ఉన్నవాడు. కంపెనీ మాటగా చెలామణీ అయ్యేలా వాళ్లు మాట్లాడారని, వాళ్లను తీసేయాలని అడిగారు. కంపెనీ ముఖ్య న్యాయాధికారి బ్రాడ్ స్మిత్‌ను కలిశారు. దేశమంతటా బాయ్‌కాట్‌కు పిలుపిస్తానన్నారు. ఆ ఇద్దరి ఉద్యోగాలూ పోలేదు. కానీ బిల్లు విషయంలో కంపెనీ మౌనంగానే ఉండిపోయింది.

ఏప్రిల్ 21న సెనేట్‌లో ఓటింగ్. అనుకూలం 24, వ్యతిరేకం 25. ఒక్క ఓటు తేడాతో పోయింది. పాస్టర్‌తో జరిగిన భేటీల సంగతి ఆ రోజుల్లోనే సియాటెల్ వారపత్రిక ద స్ట్రేంజర్ బయటపెట్టింది. తర్వాత న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ సమావేశాల్లో తక్కువ అంశాల మీదే దృష్టి పెట్టాలని ముందే అనుకున్నామని, పాస్టర్‌కూ ఆ నిర్ణయానికీ సంబంధం లేదని కంపెనీ అంది. చర్చి నుంచి ఒత్తిడి ఉందని, క్రైస్తవ ఉద్యోగులు ఏమనుకుంటారోనన్న బెంగ కూడా ఉందని స్మిత్ తనతో చెప్పారని ముర్రే అన్నారు. అందులో ఎవరి మాట ఎంత నిజమన్నది మీకు ఇప్పుడు ముఖ్యం కాదు. కంపెనీ చెప్పిందే పూర్తిగా నిజమనుకున్నా దాన్ని నమ్మించే కాగితం బయట ఎక్కడా లేదు. ముందే తీసుకున్న నిర్ణయాన్ని ముందే చెప్పి ఉంటే పాస్టర్ వచ్చింది తర్వాత అని తేదీలే సాక్ష్యం చెప్పేవి.

ఏప్రిల్ 22న మైక్రోసాఫ్ట్ అప్పటి సీఈఓ స్టీవ్ బామర్ ఉద్యోగులందరికీ ఈమెయిల్ పంపారు. తానూ బిల్ గేట్స్ వ్యక్తిగతంగా ఆ చట్టాన్ని సమర్థిస్తామన్నారు. కానీ ఒక పబ్లిక్ కంపెనీ సామాజిక విషయాల మీద ఎప్పుడు పక్షం వహించాలి, ఎదుటి అభిప్రాయాన్ని గట్టిగా నమ్మే ఉద్యోగులకు అది ఏం చెప్తుంది అనే ప్రశ్నలు వేశారు. ఆ ప్రశ్నలు న్యాయమైనవే. వేసిన సమయమే తప్పు. బిల్లు ఓడిన మర్నాడు అడిగితే అవి సాకుల్లా వినపడతాయి. కంపెనీలో గే, లెస్బియన్ ఉద్యోగుల సంఘం గ్లీమ్ కదిలింది, ఉద్యోగులు బ్లాగుల్లో బాహాటంగా రాశారు. 2001లో కంపెనీకి అవార్డు ఇచ్చిన లాస్ ఏంజెలెస్ గే అండ్ లెస్బియన్ సెంటర్ దాన్ని తిరిగివ్వమంది. మే 6న బామర్ ఇంకో ఈమెయిల్ పంపారు: కార్యాలయంలో వైవిధ్యం మా వ్యాపారానికే ముఖ్యం, కాబట్టి ఇకపై అది మా చట్టసభ అజెండాలో ఉంటుందని. రెండు వారాల్లో రెండు వైఖరులు. ఆ వెనక్కి తగ్గడం చివరికి కంపెనీకి ఏమీ మిగల్చలేదు.

2006 జనవరిలో బిల్లు మళ్లీ వచ్చింది, ఈసారి హెచ్‌బీ 2661గా. మైక్రోసాఫ్ట్, బోయింగ్ సహా పలు కంపెనీలు బాహాటంగా మద్దతిచ్చాయి. హచర్సన్ మళ్లీ బాయ్‌కాట్ అన్నారు. జనవరి 27న సెనేట్‌లో 25–23తో నెగ్గింది, 31న గవర్నర్ క్రిస్టీన్ గ్రెగోయిర్ సంతకం చేశారు. కిర్క్‌లాండ్ వైపు నియోజకవర్గం నుంచి గెలిచిన రిపబ్లికన్ సెనేటర్ బిల్ ఫింక్‌బైనర్ 2005లో వద్దని వేసిన ఓటును 2006లో సరే అని మార్చారు. అది మైక్రోసాఫ్ట్ క్యాంపస్ చుట్టుపక్కల ప్రాంతం. ఇవాళ అక్కడ కిరాణా కొట్టుకెళ్తే తెలుగు వినపడుతుంది. ఆయన మనసు మార్చింది కంపెనీయే అని నేను అనను. ఒక్క ఓటు మీద వేలాడే బిల్లుకు, ఆ ఒక్క సెనేటర్ ప్రాంతంలోని ఒక పెద్ద యజమాని ఏమంటోందన్నది చిన్న విషయం కాదని మాత్రం అంటాను.

ఇక బాయ్‌కాట్ సంగతి. ఉత్తరం చూడగానే మీ పైవాళ్లకు కళ్ల ముందు కనపడేది అమ్మకాలు పడిపోవడం. దాన్ని భయంతో కాదు, లెక్కతో చూడాలి.

సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ అమెరికాలో అతిపెద్ద ప్రొటెస్టెంట్ శాఖ. డిస్నీ తన ఉద్యోగుల స్వలింగ భాగస్వాములకు బీమా ఇస్తోందన్నది ప్రధాన కారణాల్లో ఒకటిగా 1997లో డిస్నీ బాయ్‌కాట్‌కు ఓటు వేసింది. 2005లో తనే ఎత్తేసింది. ఎనిమిదేళ్లలో డిస్నీ ఆ బీమాను తీసేయలేదు. పిల్లల్ని డిస్నీల్యాండ్‌కు తీసుకెళ్లొద్దని వేదిక మీద తీర్మానించడం సులువే. ఇంట్లో పిల్లాడు అడిగితే కాదనడం కష్టం.

మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఉదంతం, ఎందుకంటే అక్కడ గొడవ నేరుగా చట్టం గురించే. సిన్సినాటి నగర చార్టర్‌లో (నగర పాలనకు మూల చట్టం) 1993లో ఓటర్లు ఒక నిబంధన పెట్టారు: గేలకు వివక్ష నుంచి రక్షణ ఇచ్చే చట్టమేదీ నగరం చేయరాదని. కంపెనీ ప్రధాన కార్యాలయం ఆ ఊళ్లోనే. 2004లో ఆ నిబంధన రద్దు కోసం జరిగిన ప్రచారానికి కంపెనీ బాహాటంగా మద్దతిచ్చింది, డబ్బూ ఇచ్చింది. మిసిసిపీలోని టుపెలో కేంద్రంగా పనిచేసే క్రైస్తవ సంప్రదాయవాద సంస్థ అమెరికన్ ఫ్యామిలీ అసోసియేషన్, దానితోపాటు అలాంటిదే అయిన ఫోకస్ ఆన్ ద ఫ్యామిలీ కలిసి టైడ్ సబ్బుపొడి, క్రెస్ట్ టూత్‌పేస్ట్ కొనొద్దన్నాయి. ఆ రెండింటినే ఎందుకు ఎంచుకున్నాయో గమనించండి. పక్క షెల్ఫులో వేరే కంపెనీ పేస్టు ఉంటుంది, మార్చుకోవడానికి చేయి కాస్త పక్కకు జరిపితే చాలు. బాయ్‌కాట్ ఎంచుకునేది ఎప్పుడూ అలాంటి సరుకునే. కంపెనీ కదల్లేదు. నవంబరులో ఓటర్లు ఆ నిబంధన తీసేశారు. 2005 ఏప్రిల్‌లో బాయ్‌కాట్ ముగిసింది.

ఫోర్డ్ మాత్రం కదిలింది, అందుకే దెబ్బతింది. 2005లో అదే అసోసియేషన్ ఫోర్డ్ మీద బాయ్‌కాట్ ప్రకటించి, డీలర్లు కల్పించుకోవడంతో కొన్ని నెలలు ఆపింది. డిసెంబరులో, జాగ్వార్, ల్యాండ్ రోవర్ కార్ల ప్రకటనలు గే పత్రికల్లో ఇక రావని బయటికి వచ్చింది. కంపెనీ బడ్జెట్ కారణమంది. ఎవరూ నమ్మలేదు. గే సంఘాలతో సమావేశమయ్యాక అదే నెల 14న, ఆ పత్రికల్లో మా బ్రాండ్లన్నిటి ప్రకటనలూ ఇస్తామని రాసింది. 2006 మార్చిలో బాయ్‌కాట్ మళ్లీ మొదలై 2008 మార్చి దాకా సాగింది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. ఇక్కడ ఒత్తిడి పనిచేసిన దారిని చూడండి. కారు కొనేవాళ్లకంటే ముందు కదిలింది డీలర్లు. చిన్న ఊళ్లో ఫోర్డ్ డీలరూ, చర్చి పెద్దలూ ఆదివారం ఒకే బల్ల మీద కూర్చుంటారు. మీ కంపెనీకి డీలర్లు, పంపిణీదార్లు, ఫ్రాంచైజీలు ఉంటే ముందు వాళ్లతో మాట్లాడండి. వాళ్లకు సంగతి పత్రికలో చూసి తెలియకూడదు.

మీది సాఫ్ట్‌వేర్ కంపెనీ అంటున్నారు కాబట్టి లెక్క వేరు. మీ సరుకు షెల్ఫు మీద ఉండేది కాదు, కాంట్రాక్టు మీద నడిచేది. ముందు కస్టమర్ల జాబితా తీయండి. అందులో చర్చిలు, క్రైస్తవ పాఠశాలలు, కాథలిక్ ఆసుపత్రుల గొలుసులు ఎన్ని, ఏడాది ఆదాయంలో వాటి వాటా ఎంత, వచ్చే 12 నెలల్లో గడువు తీరే కాంట్రాక్టులు ఏవి అన్నది ఒక పేజీలో పెట్టండి. మీకున్న అసలు ప్రమాదం ఆ పేజీలోనే ఉంటుంది, ఉత్తరంలో ఉండదు. తర్వాత వచ్చిపడే ఈమెయిళ్లు. అక్షరం పొల్లుపోకుండా ఒకే మాటలతో వేలల్లో వస్తాయి, ఎందుకంటే బాయ్‌కాట్‌కు పిలుపిచ్చిన సంస్థ వెబ్‌సైట్లో బటన్ నొక్కితే అవి వెళ్తాయి. వాటిని తీసిపారేయకండి, మర్యాదగా ఒకే జవాబు ఇవ్వండి. కానీ లెక్కపెట్టేటప్పుడు కస్టమర్ల జాబితాతో పోల్చి, నిజంగా మీ దగ్గర కొంటున్నవాళ్లు ఎందరో చూడండి. కాల్ సెంటర్ వాళ్లకు రెండు వాక్యాలు రాసివ్వండి: ‘మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాను. ఈ బిల్లుపై కంపెనీ వైఖరి మా వెబ్‌సైట్లో ఉంది.’ అంతకు మించి వాళ్లను వాదనకు దించకండి. ఫోన్ ఎత్తే పిల్లలు తిట్లు తినాల్సిన పని లేదు.

ఇంకో దారి వాటాదారులది. మీది లిస్టెడ్ కంపెనీ అయితేనే ఇది చదవండి. 2012 జనవరిలో వాషింగ్టన్‌లో స్వలింగ వివాహ బిల్లుకు మైక్రోసాఫ్ట్, స్టార్‌బక్స్ మద్దతిచ్చాయి. మార్చిలో స్వలింగ వివాహాన్ని వ్యతిరేకించే నేషనల్ ఆర్గనైజేషన్ ఫర్ మ్యారేజ్ స్టార్‌బక్స్ బాయ్‌కాట్ ప్రకటించింది, సరిగ్గా వార్షిక సమావేశం రోజునే. మరుసటి ఏడాది సమావేశంలో ఒక వాటాదారు లేచి, ఈ వైఖరి వల్ల వ్యాపారం దెబ్బతిందన్నారు. స్టార్‌బక్స్ అప్పటి సీఈఓ హోవర్డ్ షుల్ట్స్ గత ఏడాది వాటాదార్లకు 38 శాతం రాబడి వచ్చిందని, ఇంతకంటే బాగా వస్తుందనుకుంటే షేర్లు అమ్ముకోవచ్చని జవాబిచ్చారు. ఆ జవాబుకు చప్పట్లు వచ్చాయి కానీ నేనైతే మీకు రెండో సగం సిఫార్సు చేయను. అంకె చెప్పి ఆగితే చాలు. హచర్సన్ కూడా 2007లో మైక్రోసాఫ్ట్ వార్షిక సమావేశానికి వాటాదారుగానే వచ్చి మాట్లాడారు. రాతపూర్వక తీర్మానం పెట్టాలంటే అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 14ఏ-8 నిబంధన ఉంది. 2020 సవరణ ప్రకారం 2,000 డాలర్ల షేర్లు మూడేళ్లు, లేదా 15,000 డాలర్లవి రెండేళ్లు, లేదా 25,000 డాలర్లవి ఏడాది పట్టి ఉంచాలి. తీర్మానం, దాని సమర్థన కలిపి 500 పదాలు దాటకూడదు. ఇది మతసంస్థల చేతిలోనే ఉన్న ఆయుధం కాదు. 1991లో గే ఉద్యోగులను తీసేసిన క్రాకర్ బ్యారెల్ రెస్టారెంట్ల కంపెనీ మీద న్యూయార్క్ నగర పింఛను నిధి ఏళ్ల తరబడి ఇదే దారిలో పోరాడింది. 2002లో 58 శాతం ఓట్లు వచ్చాక కంపెనీ దిగివచ్చింది.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. వరస తప్పితే పని చెడుతుంది, కాబట్టి ఈ వరసలోనే చెప్తున్నాను.

మొదట బిల్లును చివరిదాకా చదవండి, ముఖ్యంగా మినహాయింపుల సెక్షన్. పాస్టర్ ఉత్తరంలో భయాల్లో సగం ఆ సెక్షన్‌లోనే తీరిపోతాయి, లేదా అక్కడే నిజమని తేలతాయి. వాషింగ్టన్ చట్టాన్నే చూడండి: ఎనిమిది మందికంటే తక్కువ ఉద్యోగులున్న యజమానికి వర్తించదు, లాభాపేక్షలేని మత సంస్థలు యజమాని నిర్వచనంలోకే రావని రాసి ఉంది (2021లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ మినహాయింపును కుదించింది). 2006లో చేర్చిన వాక్యంలో, ఈ చట్టం ఏ నమ్మకాన్నీ, ప్రవర్తననూ సమర్థిస్తున్నట్టు కాదనీ, వివాహ చట్టాన్ని మార్చదనీ స్పష్టంగా రాశారు. మీ బిల్లులో అలాంటి వాక్యం లేకపోతే కంపెనీ దాన్ని అడగొచ్చు. అది వెనక్కి తగ్గడం కాదు, బిల్లును గట్టిపరచడం.

తర్వాత వైఖరి పత్రం. ఒక్క పేజీ. తేదీ, బిల్లు నంబరు, మద్దతు అన్న మాట, వ్యాపార కారణం, సంతకం. వ్యాపార కారణం సొంతదై ఉండాలి. ‘మేం వైవిధ్యాన్ని గౌరవిస్తాం’ అన్న వాక్యం ఏ సెనేటర్‌నూ కదిలించదు. ‘పక్క రాష్ట్రం నుంచి ఇంజనీర్లను పిలుస్తున్నాం, ఇల్లు అద్దెకు దొరుకుతుందా అని వాళ్లు అడుగుతున్నారు’ అన్నది కదిలిస్తుంది. సంతకం సీఈఓదో, ప్రజావ్యవహారాల అధిపతిదో కావాలి. ఉద్యోగుల బృందం సంతకం కాకూడదు. ఆ పేజీ కమిటీ అధ్యక్షుడికి, ఓటు ఎటో తేలని సభ్యులకు అందాలి. పత్రికా ప్రకటన తర్వాత సంగతి. సెనేట్‌లో ఎన్ని ఓట్లు కావాలి, ఎవరు ఊగిసలాటలో ఉన్నారు, వాళ్లలో ఎవరి నియోజకవర్గంలో మీ ఆఫీసు ఉంది అన్నది మీ లాబీయిస్టును (చట్టసభ్యులతో కంపెనీ తరఫున మాట్లాడే మనిషిని) అడగండి. ఆ పేర్లు రెండు మూడుకు మించవు.

విచారణకు ఉద్యోగులు వెళ్లే విషయంలో చాలా జాగ్రత్త. 2005లో అగ్గి రాజుకున్నది అక్కడే. విచారణ గది బయటో, ఆన్‌లైన్‌లోనో పేరు నమోదు చేసే పత్రం ఉంటుంది: పేరు, ఊరు, సంస్థ, అనుకూలమా వ్యతిరేకమా, మాట్లాడతారా లేదా. ‘సంస్థ’ అన్న గడిలో చేయి తిరిగిన అలవాటుతో కంపెనీ పేరు రాసేస్తారు. అది సభ రికార్డులో కంపెనీ సాక్ష్యంగా కనపడుతుంది. కంపెనీ తరఫున వెళ్లనివాళ్లు ఆ గడి ఖాళీగా వదలాలి, లేదా ‘వ్యక్తిగతం’ అని రాయాలి. మాట్లాడేటప్పుడు మొదటి వాక్యం ఇలా ఉండాలి: ‘నేను ఫలానా కంపెనీలో పనిచేస్తాను, కానీ ఈ రోజు నా తరఫున మాత్రమే మాట్లాడుతున్నాను.’ కంపెనీ బ్యాడ్జీ, టీషర్టు వద్దు. కంపెనీ ఈమెయిల్ నుంచి సాక్ష్యం పంపొద్దు. సెలవు పెట్టి వెళ్లండి. అంతకంటే ముఖ్యం, వ్యక్తిగతంగా సాక్ష్యం చెప్పినందుకు ఎవరి మీదా చర్య ఉండదని కంపెనీ చేత ముందే రాయించుకోండి. వాక్‌స్వాతంత్ర్యాన్ని కాపాడే అమెరికా రాజ్యాంగ సవరణ ప్రైవేటు యజమానికి వర్తించదు, అది ప్రభుత్వాన్ని కట్టడి చేసేది మాత్రమే. కాబట్టి ఆ కాగితమే మీకు ప్రధాన రక్షణ. అదే రక్షణ బిల్లుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పే ఉద్యోగికీ ఉండాలి.

పాస్టర్‌ను కలవాలా అంటే, కలవాలి. ఉత్తరానికి జవాబివ్వకపోవడం అహంకారంగా కనపడుతుంది. బాయ్‌కాట్ పిలుపు ఆయన హక్కు కూడా. 1982లో క్లెయిబోర్న్ హార్డ్‌వేర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు శాంతియుత బాయ్‌కాట్‌కు వాక్‌స్వాతంత్ర్య రక్షణ ఉందని చెప్పింది. ఆ కేసు నల్లజాతీయుల పౌరహక్కుల బాయ్‌కాట్‌ది. కనుక ‘బెదిరింపు’ అన్న మాట వాడకండి. కంపెనీ నుంచి ఇద్దరు వెళ్లాలి, ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. వైఖరి పత్రం అప్పటికే చట్టసభకు చేరి ఉండాలి. ఆ తేదీ తర్వాతే భేటీ. అప్పుడు ‘మీరు వచ్చారు కాబట్టి మార్చారు’ అని ఎవరూ అనలేరు, ‘మీరు వచ్చినా మార్చలేదు’ అని మీరు చెప్పనక్కర్లేదు. భేటీలో బిల్లులోని మినహాయింపులు చూపించండి, ఆయన చెప్పింది వినండి. ఉద్యోగుల పేర్లు మాత్రం ఏ సందర్భంలోనూ చర్చకు రానీయకండి. ‘మా ఉద్యోగుల గురించి బయటివారితో మాట్లాడం’ అని లేచి నిలబడినా తప్పులేదు. వచ్చే ఏడాది ఏం చేస్తామో మాట ఇవ్వొద్దు.

మతాన్ని ఒకే గొంతుగా చూడొద్దని కూడా మీ పైవాళ్లకు చెప్పండి. 2012లో వాషింగ్టన్‌లో స్వలింగ వివాహ చట్టాన్ని రెఫరెండంకు (నేరుగా ప్రజల ఓటుకు) తీసుకెళ్లేందుకు చర్చిల్లో సంతకాలు సేకరించవచ్చని కాథలిక్ ఆర్చిబిషప్ అన్నారు. సియాటెల్‌లో ఆయన సొంత కెథడ్రల్ సెయింట్ జేమ్స్‌తో సహా కొన్ని చర్చిలు అందుకు ఒప్పుకోలేదు. నవంబరులో ఓటర్లు ఆ చట్టాన్నే ఖాయం చేశారు. మీ ఊళ్లోనూ బిల్లును సమర్థించే పాస్టర్లు, రబ్బీలు ఉంటారు. కమిటీ ముందు వాళ్ల మాటకు మీ సీఈఓ మాటకంటే బరువెక్కువ.

మీ బృందంలో ఎవరూ అడగరు కానీ నేను అడిగి తీరాలనుకునేది, నమ్మిక గల సహోద్యోగుల గురించి. వాళ్లలో మన గుంటూరు, విజయవాడ నుంచి వచ్చి ఆదివారం తెలుగు ఆరాధనకు వెళ్లేవాళ్లూ ఉండొచ్చు. కంపెనీ బిల్లుకు మద్దతిచ్చినంత మాత్రాన వాళ్ల నమ్మకం కంపెనీ సొత్తు కాదు. రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చూడండి. ఐడహో రాష్ట్రంలోని బాయిసీలో హెచ్‌పీ వైవిధ్య పోస్టర్లు పెడితే, ఒక ఉద్యోగి వాటికి జవాబుగా తన క్యూబికల్‌లో అందరికీ కనపడేలా స్వలింగ సంబంధాలను ఖండించే బైబిల్ వాక్యాలు అంటించాడు. గే సహోద్యోగులకు బాధ కలగాలనే పెట్టానని ఒప్పుకున్నాడు, తీయమంటే తీయనన్నాడు. ఉద్యోగం పోయింది. 2004లో తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. అదే ఏడాది కొలరాడోలో ఏటీ అండ్ టీ బ్రాడ్‌బ్యాండ్ ఉద్యోగి ఒకరు, ఎవరి మీదా వివక్ష చూపను కానీ అందరి తేడాలకూ ‘విలువ ఇస్తాను’ అన్న వాక్యం మీద సంతకం చేయలేనన్నారు. తీసేశారు. ఆయన కోర్టులో గెలిచారు, పరిహారం లక్షా 46 వేల డాలర్లు దాటింది. ఆ రెంటి మధ్య గీత ఎక్కడుందో కనపడుతోంది కదా. ప్రవర్తనను కంపెనీ శాసించవచ్చు, మనసును కాదు. 2023లో గ్రాఫ్ కేసుతో సుప్రీంకోర్టు, మతపరమైన వెసులుబాటు ఇవ్వనంటే వ్యాపారానికి గణనీయమైన అదనపు భారం పడుతుందని యజమాని చూపాలంది. కాబట్టి ప్రైడ్ స్టిక్కర్ పెట్టుకోవాలని, ఈమెయిల్ సంతకంలో ఫలానా వాక్యం చేర్చాలని ఎవరినీ బలవంతం చేయొద్దు. సీఈఓ పంపే సందేశంలో ఈ ఒక్క మాట ఉంటే సగం గుసగుసలు ఆగిపోతాయి.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు మరో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. కమిటీ ముందు మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. కానీ పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివాళ్లు ఏ స్థాయి ఎన్నికల్లోనూ అభ్యర్థులకు చందా ఇవ్వకూడదు, అది ఫెడరల్ నేరం. రెఫరెండం పిటిషన్ మీద సంతకం పెట్టాల్సింది నమోదైన ఓటర్లే. ఆఫీసు క్యాంటీన్లో ఎవరో బల్ల మీద కాగితం పెడితే మొహమాటానికి సంతకం చేయకండి.

మీ కంపెనీకి హైదరాబాద్‌లో ఆఫీసు ఉందన్నారు. అక్కడ దారి వేరు. మన దగ్గర ఈ హక్కులు బిల్లుల ద్వారా కంటే కోర్టుల ద్వారానే ముందుకొచ్చాయి. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన ఐపీసీ 377వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు ఇచ్చిన 2018 తీర్పులో పిటిషనర్లలో లలిత్ హోటళ్ల కేశవ్ సూరి ఉన్నారు. వివాహ హక్కు కోసం వెళ్లి 2023లో ఓడిపోయిన కేసుకు పేరు వచ్చింది హైదరాబాద్‌లో ఉండే సుప్రియో నుంచే. ఒత్తిడి మాత్రం ప్రకటనల మీద పడుతుంది. 2021 అక్టోబరులో డాబర్ కంపెనీ కర్వాచౌత్ (భర్త క్షేమం కోసం ఉత్తరాదిలో చేసే ఉపవాసం) ప్రకటనలో ఇద్దరు స్త్రీల జంటను చూపిస్తే, మధ్యప్రదేశ్ హోంమంత్రి చట్టపరమైన చర్య తీసుకుంటామన్నారు, కంపెనీ ప్రకటన ఉపసంహరించి క్షమాపణ చెప్పింది. అక్కడ ఎదురుగా ఉన్నది బాయ్‌కాట్ కాదు, పోలీసు కేసు. అందుకని అమెరికా ఆఫీసు రాసిన సందేశాన్ని యథాతథంగా హైదరాబాద్‌కు పంపకండి. బిల్లు మీ రాష్ట్రానిది కాబట్టి అక్కడి ఉద్యోగులకు సమాచారంగా చెప్తే చాలు. వాళ్ల ఫొటోలు, పేర్లు ఈ ప్రచారంలో వాడొద్దు, వాళ్లు అడిగి ఒప్పుకున్నా సరే ఇంట్లో తెలిసినదీ లేనిదీ ఒకటికి రెండుసార్లు కనుక్కోండి.

కమిటీ విచారణ తేదీ ఇంకా ప్రకటించలేదంటున్నారు. అయితే మీకు టైం ఉంది. కస్టమర్ల పేజీ, వైఖరి పేజీ, ఉద్యోగుల రక్షణ కాగితం ఈ మూడూ ఈ వారంలో పైవాళ్ల బల్ల మీద పెట్టండి. పాస్టర్‌కు జవాబు ఆ తర్వాతే వెళ్లాలి.